కుట్టుగది నేల

పొద్దున ఏడింటికి కొడుకు ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ముందు ఇది వేసుకో. తర్వాత టీ."

"అక్కడ పెట్టి వెళ్లు, వేసుకుంటాను."

"పెట్టి వెళ్తే ఏమవుతుందో మొన్న చూశాంగా. చక్కెర డబ్బా వెనకాల మూడు దొరికాయి. నా ఎదురుగా వేసుకో."

ఆవిడ మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. గొంతు కదిలేదాకా చూసి అప్పుడు గ్లాసు తీసుకున్నాడు. మందుల షాపులో పదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఎవరు మింగారో ఎవరు బుగ్గన దాచుకున్నారో మొహం చూసి చెప్పేయగలనని అతని నమ్మకం.

వీధిలో అందరూ ఆవిణ్ణి టైలరమ్మ అంటారు. ముప్పై ఏళ్లు ఇంటి వెనకగదిలో మిషను తొక్కింది. స్కూలు యూనిఫారాలు, చొక్కాలు, చిన్నపిల్లల గౌన్లు, బిగుతైన ప్యాంట్లు వదులు చెయ్యడం, వదులైనవి బిగించడం. ఇప్పుడు ఆ మిషను హాల్లో గోడవారగా పాత దుప్పటి కప్పుకుని ఉంది. దాని మీద న్యూస్‌పేపర్లు, రెండు ఫోన్ చార్జర్లు, మనవరాలి స్కూలు సంచి.

మనవరాలికి ఏడేళ్లు. ఒక్కచోట కుదురుగా ఉండదని తాత దానికి ఉడుత అని పేరు పెట్టాడు. తాతని ఊరంతా మేస్త్రి అంటుంది. పని మానేసి ఐదేళ్లయినా ఆ పేరు పోలేదు. మాత్ర సంగతి తేలేదాకా ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుంటూ, ఎటూ చూడకుండా ఉన్నాడు. రోజూ అంతే.

"నానమ్మా, సాయంత్రం నా బొమ్మకి లంగా కుడతావా?" అంది ఉడుత జడ వేయించుకుంటూ.

"నువ్వు స్కూలునుంచి పక్కింటికి వెళ్తావు కదే. అమ్మ వచ్చేదాకా అక్కడే ఉండాలి కదా."

"నీ దగ్గర ఎందుకు ఉండకూడదు?"

టైలరమ్మ రిబ్బను ముడి ఒకటికి రెండుసార్లు వేసింది. ఆ ప్రశ్నకు జవాబు కోడలు చెప్పాలి. కోడలు అప్పటికే వెనకగదిలో ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్లింది. ఆవిడ స్కూలు టీచరు, ఎనిమిదింపావు బస్సు పట్టుకోవాలి.

ఇదంతా పోయిన వానాకాలంలో మొదలైంది. ఒకరోజు మిషను తొక్కుతుంటే టైలరమ్మ కాలికి ఏదో తేడా తెలిసింది. పెడలు దిగినప్పుడల్లా కింద నేల ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు పలికింది. నాలుగు రోజులు చూసి మొగుడికి చెప్పింది.

"కింద డొల్లగా పలుకుతోందండీ. ఒకసారి చూడండి."

"నేను పోసిన కాంక్రీటు అది. లారీ ఎక్కించినా కదలదు. మిషనుకి నూనె పెట్టు."

నూనె పెట్టింది. నేల పలుకుతూనే ఉంది. కింద పడ్డ దారపుకండె ప్రతిసారీ దొర్లుకుంటూ అదే మూలకు వెళ్లి ఆగేది. కొడుక్కి చెబితే వచ్చి, గడప దగ్గర నిలబడి కాలితో రెండుసార్లు తన్ని, "ఏం లేదమ్మా, రాయిలా ఉంది" అన్నాడు. కోడలు, "మీరు మరీ ఎక్కువసేపు కూర్చుంటున్నారు అత్తయ్యా, నడుంనొప్పికి అలా అనిపిస్తుంది" అంది. ఒకరోజు కొలతలకని వచ్చిన పిల్లవాణ్ణి, "అటు గెంతకు బాబూ, నేల కుంగుతుంది" అని చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. వాళ్లమ్మ ఆ సంగతి నాలుగిళ్లలో చెప్పింది.

ఆ తర్వాత డాక్టరు. ఆయన ఆవిణ్ణి అంకెలు వెనకనుంచి చెప్పమన్నాడు, గడియారం బొమ్మ గీయమన్నాడు. అన్నీ చేసింది. చివర్లో డాక్టరు మేస్త్రి వైపు తిరిగి, "ఇంట్లో ఇంకెవరికైనా ఆ చప్పుడు వినిపించిందా?" అని అడిగాడు. మేస్త్రి ఆవిడ వైపు ఒకసారి చూసి, "లేదండీ. ఆవిడకే" అన్నాడు.

మాత్రలు మొదలయ్యాక పగలంతా కళ్లమీద తడిగుడ్డ కప్పినట్టుండేది. ఆ మత్తులో ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. ఇంకో దానికి జేబు తలకిందులుగా కుట్టింది. "చూశావా, ముదురుతోంది" అని కొడుకు మిషను హాల్లోకి తెచ్చేశాడు. ఆ వారమే కోడలు భర్తతో వంటింట్లో అన్న మాట ఆవిడ చెవిన పడింది. "పిల్ల ఒక్కతీ అత్తయ్య దగ్గర ఉంటే నాకు భయంగా ఉంది."

టైలరమ్మ రెండో జడ అల్లడం ముగించిందో లేదో, వెనకగదిలోంచి ఏదో విరిగిన చప్పుడు, వెంటనే కోడలి కేక వినిపించాయి.

అందరూ పరిగెత్తారు. ఇస్త్రీ బల్ల పక్కకు పడిపోయి ఉంది. గది మూలకు దగ్గరగా నేల పలకలా విరిగి లోపలికి వాలింది. అందులో కోడలి కుడికాలు మోకాలిదాకా దిగిపోయింది. కొడుకు ఆమెను చంకల కింద చేతులేసి పైకి లాగాడు. చీలమండ వంకరపోయి ఉంది.

కంతలోంచి చల్లటి తడిమట్టి వాసన వస్తోంది. టైలరమ్మ వంగి చూసింది. లోపల చీకటి. అడుగు కనబడలేదు.

"ఎలకలు," అన్నాడు మేస్త్రి ఆవిడ వెనకనుంచి. "ఎలకలు తవ్వేసి ఉంటాయి."

* * *

కోడలి కాలికి పిండికట్టు వేశారు. ఆరు వారాలు కింద పెట్టకూడదన్నారు. పక్కింటివాళ్లు పెళ్లికని ఊరెళ్లారు. సాయంత్రం ఉడుత స్కూలునుంచి తిన్నగా ఇంటికే వచ్చి నానమ్మ ఒళ్లో కూర్చుంది. మంచం మీదనుంచి కోడలు చూసి, దిండు సర్దుకుని వెనక్కి వాలింది.

మర్నాడు కొడుకు నేలలు బాగుచేసే ఇంజినీరుకి ఫోన్ చేస్తుంటే మేస్త్రి అడ్డొచ్చాడు.

"బయటివాళ్లు ఎందుకురా? నేను లేనా? నాలుగు తట్టల మట్టి పోసి, పైన సిమెంటు మాలు మెత్తితే ఒక్క పూటలో అయిపోతుంది."

"మీ కోడలి కాలు విరిగింది నాన్నా."

"అందుకే చెబుతున్నాను, వాళ్లొచ్చి ఇల్లంతా తవ్విపోస్తారు."

"తవ్వనీ," అన్నాడు కొడుకు. తండ్రి మాటకు అడ్డు చెప్పడం అతనికి కొత్త. చెప్పాక తనే ఇబ్బంది పడి బయటికెళ్లిపోయాడు.

ఇంజినీరు వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, మట్టి కొట్టుకుపోయిన బూట్లు, చేతిలో పొడుగు కర్రకు బిగించిన సుత్తి. గదంతా ఒకసారి చూసి, "ఈ గదిలో ఎక్కువసేపు గడిపేది ఎవరు?" అని అడిగింది.

కొడుకు తండ్రి వైపు చూశాడు.

"నేను," అంది టైలరమ్మ. "మొన్నమొన్నటిదాకా."

"ఎప్పుడైనా తేడా తెలిసిందా అమ్మా?"

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "అమ్మకి కొంచెం ఆరోగ్యం..."

"ఆవిణ్ణి చెప్పనివ్వండి," అంది ఇంజినీరు, అతని వైపు చూడకుండానే.

అడిగి, జవాబు కోసం ఆగిన మనిషి ఈ ఏడాదిలో ఈవిడే మొదలు. టైలరమ్మ అలమారలోంచి గుడ్డల మీద గీతలు గీసే సుద్దముక్క తెచ్చింది. కిటికీ కిందనుంచి మొదలుపెట్టి, మిషను ఉండిన చోటు చుట్టి, గది మధ్యదాకా వచ్చి, అక్కడనుంచి మూలకు ఒక వంకర గీత గీసింది.

"ఈ గీతకు ఇవతల గట్టిగానే ఉంటుంది. అవతల డొల్ల. మొదట కిటికీ కిందే ఉండేది, వానలు పడేకొద్దీ ఇటు పాకింది. కండె పడితే ఆ మూలకు దొర్లేది. అంటే నేల అటు కుంగుతోందన్నమాటే కదా."

ఇంజినీరు సుత్తితో గోడదగ్గరనుంచి ఒక్కో జానెడు దూరంలో కొడుతూ వచ్చింది. గట్టిచోట టక్‌మని, డొల్లచోట డబ్‌మని పలికింది. చప్పుడు మారినచోటల్లా తన ఎర్రసుద్దతో చుక్క పెట్టింది. పావుగంట తర్వాత లేచి నిలబడింది. ఎర్రచుక్కలు టైలరమ్మ తెల్లగీత పక్కనే నడిచాయి. రెండు మూడు చోట్ల తప్ప ఎక్కడా బెత్తెడు దూరం లేదు.

"నా సుత్తికంటే మీ కాలు నయం," అంది ఇంజినీరు.

కొడుకు ఆ రెండు గీతల్నీ చూస్తూ ఉండిపోయాడు. మేస్త్రి అప్పటికే గదిలో లేడు.

ఇంజినీరు కంతలో టార్చి వేసి, పొడుగు ఊచ దించి చూసింది. రెండడుగుల ఖాళీ. ఊచ కొసకు కుళ్లిన గోనెసంచి ముక్క తగులుకుని వచ్చింది. తర్వాత చేత్తో ఇటుకముక్కలు, ఒక తెగిన చెప్పు తీసింది.

"ఎలకలా?" అన్నాడు కొడుకు.

"ఎలకలు ఇంత పని చెయ్యవు. నీళ్లు. మిద్దెమీది వాననీటి గొట్టం ఈ నేల కిందనుంచే పోతోంది. ఎక్కడో అతుకు ఊడింది. కింద గట్టిగా దిమ్మిస కొట్టి అణిచిన మట్టి ఉంటే ఇంత తొందరగా కొట్టుకుపోదు. ఇక్కడ మట్టికంటే చెత్త ఎక్కువుంది. ప్రతి వానకీ కొంచెం కొంచెం కడుక్కుపోయింది. పైన కాంక్రీటు మాత్రం గోడల మీద ఆనుకుని ఇన్నాళ్లూ పలకలా వేలాడుతోంది."

"కడుక్కుపోయి ఎక్కడికెళ్లింది?"

"అదే చూద్దాం."

గది వెనక సందులో నీళ్ల డ్రమ్ము ఉంది. దాన్ని జరిపితే గోడ అడుగున అరచేయంత సిమెంటు మాసిక కనబడింది. ఇంజినీరు దాని మీద గోరుతో గీసి చూసింది.

"ఇక్కడినుంచే మట్టి బయటికి వచ్చేది. ఎవరో చూసి మూశారు. ఏడాది అయ్యుంటుంది. మూసినంతమాత్రాన లోపలి నీళ్లు ఆగవు కదా, వీధి కాలవవైపు ఇంకో దారి చూసుకున్నాయి." ఆమె కొడుకు వైపు తిరిగింది. "ఎవరితో చేయించారు ఇది?"

"మేం ఎవరితోనూ చేయించలేదే."

టైలరమ్మ కిందకి వంగింది. మాసిక అంచు చుట్టూ నున్నగా లాగి, చివర తాపీ మొనతో చిన్న వంపు తిప్పి ఉంది. మేస్త్రి ఏ పని ముగించినా అలా వంపు తిప్పనిదే తాపీ కింద పెట్టడు. ఇంటి ముందు మెట్ల మీదా ఉంది ఆ వంపు, స్నానాలగది తొట్టి మీదా ఉంది.

ఆవిడ లేచి ఇంట్లోకి వెళ్లింది.

* * *

మేస్త్రి కుర్చీలో పేపరు పట్టుకుని ఉన్నాడు. కళ్లజోడు మాత్రం బల్ల మీదే ఉంది.

"ఎప్పుడు మూశారు ఆ కన్నం?"

"ఏ కన్నం?"

"డ్రమ్ము వెనకాలది."

"నాకేం తెలుసు? ఎవరో..."

"మీరు కట్టిన గోడలకి పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టినదాన్ని నేను. మీ తాపీ గీత నాకు తెలియదా?"

కొడుకు వెనకే వచ్చి గుమ్మంలో ఆగాడు. "అమ్మా, నెమ్మదిగా..."

"నెమ్మదిగానే అడుగుతున్నాను. నువ్వు ఆగు."

మేస్త్రి పేపరు మడిచాడు. మడత సరిగ్గా రాలేదు, విప్పి మళ్లీ మడిచాడు.

"పోయిన వానాకాలం. డ్రమ్ము కడుగుతుంటే గోడ కింద మట్టి కనబడింది. చెయ్యి పెడితే మోచేతిదాకా పోయింది."

"నేను చప్పుడని చెప్పకముందా, చెప్పాకా?"

ఆయన మడిచిన పేపరు బల్ల మీద పెట్టాడు.

"చెప్పాక. నువ్వు చెప్పిన వారానికి."

"అయితే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేనాటికి మీకు తెలుసు."

మేస్త్రి తల వంచుకున్నాడు.

"తెలుసా, తెలియదా? నోటితో చెప్పండి."

"తెలుసు."

పక్కగది తలుపు తెరిచే ఉంది. మంచం మీదనుంచి కోడలు, "మావయ్యా," అంది.

"ఈ ఊళ్లో సగం ఇళ్లకి నేల పోసింది నేను," అన్నాడు మేస్త్రి, ఎవరి వైపూ చూడకుండా. "ఆ గది కట్టేటప్పుడు ఇంకోచోట పని ఒప్పుకున్నాను. వాళ్లు తొందరపెట్టారు. మట్టి చాల్లేదు. ఇటుకముక్కలు, సంచులు, ఏది దొరికితే అది పోసి, దిమ్మిస కొట్టకుండా పైన కాంక్రీటు వేసేశాను. గొట్టం గది చుట్టూ తిప్పాలంటే ఇంకో రోజు పడుతుందని కిందనుంచే పోనిచ్చాను. సొంత ఇల్లే కదా, తర్వాత చూసుకుందాం అనుకున్నాను. పోయినేడు కన్నం కనబడ్డాక, వానలు తగ్గితే ఎవరికీ తెలియకుండా నేనే తవ్వి సరిచేద్దామనుకున్నాను. భుజం లేవలేదు. ఈలోగా వీడు డాక్టరన్నాడు. ఒక మాత్రే కదా, నీకూ కాస్త నిద్ర పడుతుంది, మంచిదే అనుకున్నాను."

"మంచిదే అనుకున్నారు," అంది టైలరమ్మ.

ఆవిడ గొంతు పెరగలేదు. మిషను మీద కప్పిన దుప్పటి అంచు వేళ్లతో నలుపుతూ మాట్లాడింది.

"డాక్టరు మిమ్మల్ని అడిగాడు. మీరు నా మొహంలోకి చూసి మరీ లేదన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి నేనేం చేశానో తెలుసా? గదిలోకెళ్లి నేలకు చెవి ఆనించి పడుకుని గుద్ది చూశాను. చప్పుడు వినిపించింది. వినిపించినందుకు ఏడ్చాను. ఆయన మేస్త్రి, ఆయనకు వినిపించనిది నాకు వినిపిస్తోందంటే నిజంగానే మతి పోతోందనుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ మాత్రలు నేనే అడిగి వేసుకున్నాను."

మేస్త్రి ఏదో అనబోయాడు.

"పనిచేతకాని మేస్త్రి అనిపించుకోవడం కంటే పిచ్చిదాని మొగుడు అనిపించుకోవడం నయమనిపించింది మీకు."

కొడుకు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "అమ్మా, నాకు తెలియదమ్మా. నిజంగా నాకు..."

"నీకు తెలియదు. సరే. కానీ గడప దగ్గర నిలబడి రెండుసార్లు తన్ని, ఏం లేదన్నావు. మిషను దాకా రావడానికి నాలుగడుగులురా. ఆ నాలుగడుగులు నువ్వు వెయ్యలేదు."

అతను చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆవిడ ఓదార్చడానికి వెళ్లలేదు. వంటింట్లోకి వెళ్లి, పొద్దున కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

* * *

పని నాలుగు రోజులు పట్టింది. ఇంజినీరు మొదట కంత పూడ్చలేదు. ముందు వాననీటి గొట్టాన్ని గది బయటనుంచి తిప్పించింది. "నీళ్లకు దారి మార్చకుండా లోపల ఎంత పోసినా మళ్లీ ఇదే కథ," అంది. తర్వాత విరిగిన చోటునుంచి కుళ్లిన సంచులూ చెత్తా లాగించి, ఆ పలకకు కింద ఆసరా పెట్టి పైన కొత్త కాంక్రీటుతో అతికించింది. అది గట్టిపడ్డాక నేలంతా రూపాయి బిళ్లంత కన్నాలు వేయించింది. పలచగా కలిపిన ఇసుకా సిమెంటూ గొట్టంతో ఒక కన్నంలోకి పంపించి, పక్క కన్నంలోంచి పైకి ఉబికి వచ్చినప్పుడు దాన్ని బిరడాతో మూసి, ఇంకో కన్నానికి వెళ్లేవాళ్లు. పనివాళ్లలో ఒకడు తొందరపడి పంపు జోరు పెంచబోతే ఇంజినీరు కసిరింది. "గట్టిగా తోస్తే నేలే పైకి లేస్తుంది. దానంతట అది నిండనీ."

మేస్త్రి సందులో నిలబడి చూసేవాడు. మొదటిరోజు ఇంజినీరు ఆయన్ని, "మేస్త్రిగారూ, కింద ఇంకేమైనా ఉన్నాయా?" అని మర్యాదగానే అడిగింది. ఆయన ఎక్కడెక్కడ ఏం పోశాడో ఒక్కొక్కటీ చూపించాడు. పనివాళ్ల ముందు చెప్పాడు. చెబుతున్నంతసేపూ చెవులు ఎర్రగా ఉన్నాయి.

ఆ నాలుగు రోజులూ టైలరమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఏది చెప్పాలన్నా మనవరాలిచేత చెప్పించేది.

"తాతయ్యా, నానమ్మ అన్నం పెట్టానంది. చల్లారిపోతే తనకు సంబంధం లేదంది."

"ఆ రెండో మాట నేను అనలేదే."

"నీ మొహంలో ఉంది నానమ్మా."

మంచం మీద కోడలికి నవ్వొచ్చి, వెంటనే ఏడుపొచ్చింది. ఉడుత నీళ్లసీసా నింపుకోవడానికి వెళ్లాక అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"నేను ఆ రోజు అన్న మాట మీరు విన్నారని నాకు తెలుసు అత్తయ్యా. వంటింటి గుమ్మం దగ్గర మీ నీడ చూశాను. విన్నారని తెలిసి కూడా ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాను. అదే ఎక్కువ తప్పు."

"నీ పిల్ల. నీకు భయం ఉంటుంది," అంది టైలరమ్మ. "కానీ నన్ను ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది," అంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మాత్రలు మానేస్తానంటే కొడుకు భయపడ్డాడు. ఇన్ని నెలలు వేసుకున్నవి ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరే చెప్పాలన్నాడు. సరే వెళ్దామంది. ఐదో రోజు పొద్దున అతను చెప్పులు వేసుకుంటుంటే ఆపింది.

"నువ్వు వద్దు. మీ నాన్న రావాలి."

ఐదు రోజుల్లో మొదటిసారి మొగుడి వైపు తిరిగి నేరుగా మాట్లాడింది. "అక్కడ లేదన్న మనిషే అక్కడికొచ్చి చెప్పాలి."

మేస్త్రి లోపలికెళ్లి చొక్కా మార్చుకుని వచ్చాడు.

డాక్టరు గదిలో అవే రెండు కుర్చీలు. మేస్త్రి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. "ఆవిడ విన్నది నిజం డాక్టరుగారూ. కింద నేల కొట్టుకుపోయింది. నాకు అప్పటికే తెలుసు. మీరడిగితే అబద్ధం చెప్పాను." అదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనే ఎవరిచేతనో తిట్లు తిన్నట్టు మొహం పెట్టి, "నేనూ ఇంటికొచ్చి చూసినవాణ్ణి కాదు. ఒక్క మనిషి మాటే విన్నాను," అన్నాడు. మళ్లీ అన్ని ప్రశ్నలూ అడిగాడు. ఆవిడ అన్నింటికీ జవాబు చెప్పింది. మాత్ర సగానికి తగ్గించి, తర్వాత రోజు విడిచి రోజు వేసుకుని, నెలకల్లా మానేయమన్నాడు.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?"

"ఇది కాగితం మీద రాయండి. నా చెవులు బాగున్నాయని, నా బుర్ర బాగుందని."

ఆయన రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆవిడ మడిచి సంచిలో పెట్టుకుంది.

బయట వరండాలో బెంచీ మీద మేస్త్రి కూలబడ్డాడు. ముందు ఆయాసం అనుకుంది. తర్వాత చూస్తే భుజాలు కదులుతున్నాయి. ఆయన ఏడవడం ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ రెండేసార్లు చూసింది. వాళ్లమ్మ పోయినప్పుడు ఒకసారి, తమ రెండో బిడ్డ పుట్టి నిలవనప్పుడు ఒకసారి. రెండుసార్లూ తను వెళ్లి ఆ తలని తన కడుపుకి ఆనించుకుంది.

ఇప్పుడు పక్కనే కూర్చుంది. చెయ్యి ఎత్తుదామనుకుంది. ఎత్తబుద్ధి కాలేదు. ఒళ్లో పడి ఉన్న తన చేతినే చూసుకుంది. కోపం ఉంటే ఉంది, కోపం పోతుంది. ఈ మనిషి ఏడుస్తుంటే తన చెయ్యి లేవని రోజు ఒకటి వస్తుందని మాత్రం ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. ఆ సంగతి తెలిసి ఏడుపొచ్చింది. ఇద్దరూ ఒకే బెంచీ మీద, ఎవరి ఏడుపు వాళ్లు ఏడ్చారు. లోపలికీ బయటికీ వెళ్లేవాళ్లు, ఏదో చెడువార్త విన్నారనుకుని, పక్కనుంచి మెల్లగా నడిచి వెళ్లారు.

బస్టాపులో ఎండ ఎక్కువగా ఉంది. మేస్త్రి ఆవిడ మీద నీడ పడేలా జరిగి నిలబడ్డాడు.

"మిషను రేపు లోపల పెట్టించనా?"

"ఇంజినీరమ్మ వారం ఆరాలంది. ఎనిమిదో రోజు నేను చూసుకుని పెట్టించుకుంటాను. మీరు బాగుందన్నారని మాత్రం పెట్టను."

ఆయన తల ఊపాడు.

"వీధిలో ఎవరైనా నా సంగతి అడిగితే, మీరు నేల సంగతి చెప్పండి. అడగకపోయినా చెప్పండి."

"చెబుతాను."

"ఒకే ఇంట్లో ఉంటాం. వండుతాను, పెడతాను. మీకు జ్వరం వస్తే పక్కన కూర్చుంటాను. మీరు చెప్పిన మాట మునుపటిలా నమ్మమని మాత్రం నన్ను అడక్కండి. నమ్మాలని ఉన్నా నావల్ల కాదు."

"అడగను," అన్నాడు మేస్త్రి.

బస్సు వచ్చింది. ముందు మెట్టు బాగా ఎత్తు. ఆయన ముందు ఎక్కి, వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు. ఆవిడ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ప్రయత్నించింది. మోకాలు సహకరించలేదు. రెండో చెయ్యి ఆయన చేతిలో పెట్టి ఎక్కింది. ఎక్కాక వదిలేసి, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుని, సంచి పక్క సీటు మీద పెట్టింది. ఆయన కాసేపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆవిడ పక్క సీటు మీద ఉన్న తన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.